"జేబులనే ఉండె, ఎక్కడా పడలే": మరి ఫోన్ ఎలా వంగింది? బెండ్ టెస్టులు చెప్పేది, చెప్పనిది

కొత్తకోట (వనపర్తి జిల్లా): "ఎక్కడా పడలే భాయ్, జేబులనే ఉండె." మొబైల్ రిపేర్ దుకాణం దగ్గర పది నిమిషాలు నిలబడితే ఈ మాట వినిపించకుండా ఉండదు. డిస్‌ప్లే మీద గీతలు వచ్చాయనో, సగం స్క్రీన్‌కు టచ్ పనిచేయడం లేదనో గిరాకీ వస్తాడు. రిపేర్ చేసే అబ్బాయి పౌచ్ తీసి, ఫోన్‌ను గ్లాసు కౌంటర్ మీద బోర్లా పెట్టి, ఒక మూల మీద వేలితో నొక్కుతాడు. ఎదురు మూల పైకి లేస్తుంది. ఫోన్ వంగింది. పడేసింది లేదు, విసిరింది లేదు. మరి ఎలా వంగింది?

హైదరాబాద్-బెంగళూరు హైవే మీద ఉన్న కొత్తకోటలాంటి ఊర్లో ఫోన్ అంటే సోకు కాదు. గల్ఫ్‌లో ఉన్న అబ్బా రాత్రి వీడియో కాల్ చేసేది దాంట్లోనే. దుకాణంలో పైసలు వచ్చేదీ, పోయేదీ దాంట్లోనే. పిల్లల హాల్ టికెట్, ఆధార్ ఓటీపీ, బ్యాంకు మెసేజ్ అన్నీ అందులోనే. చాలా ఇళ్లలో వడ్డీ వద్దనుకొని నెలల తరబడి పైసలు జమ చేసి, ఒకేసారి కట్టి ఫోన్ కొంటారు. అది ఖరాబైతే వెంటనే ఇంకొకటి కొనే తాహతు ఉండదు. అందుకే ఫోన్ ఎంత గట్టిదో ఎలా పరీక్షిస్తారు, ఆ పరీక్షల్లో మనకు పనికొచ్చేది ఎంత అన్నది ఇంట్లో అందరూ తెలుసుకోవాల్సిన సంగతి.

2014లో మొదలైన గొడవ

ఫోన్ వంగడం గురించి ప్రపంచమంతా మాట్లాడుకున్నది 2014 సెప్టెంబర్‌లో. ఆపిల్ కంపెనీ అప్పుడే ఐఫోన్ 6, ఐఫోన్ 6 ప్లస్ విడుదల చేసింది. 6 ప్లస్ మందం 7.1 మిల్లీమీటర్లే. కొన్ని రోజులకే ప్యాంటు జేబులో పెట్టుకున్న ఫోన్ వంగిపోయిందని కొందరు ఫొటోలు పెట్టారు. 'అన్‌బాక్స్ థెరపీ' అనే యూట్యూబ్ చానల్‌లో ఒకాయన రెండు చేతులతో 6 ప్లస్‌ను వంచి చూపించాడు. ఆ వీడియోను కోట్ల మంది చూశారు. ఈ వ్యవహారానికి 'బెండ్‌గేట్' అని పేరు పడింది.

అమ్మకాలు మొదలైన ఆరు రోజుల్లో తొమ్మిది మంది మాత్రమే ఫిర్యాదు చేశారని ఆపిల్ జవాబు ఇచ్చింది. విలేకరులను తన ల్యాబ్‌కు పిలిచి మరీ పరీక్షలు చూపించింది. వాటిలో ఒకటి ఫోన్ మధ్యలో 25 కిలోల బరువు మోపే పరీక్ష. ఇంకొకటి జేబులో ఫోన్‌తో మనిషి మళ్లీ మళ్లీ కూర్చుంటే ఏమవుతుందో చూసే 'సిట్ టెస్ట్'.

అదే సమయంలో అమెరికాలోని వినియోగదారుల సంస్థ 'కన్స్యూమర్ రిపోర్ట్స్' సొంతంగా యంత్రం పెట్టి ఆరు ఫోన్లను వంచి చూసింది. ఫోన్ ఆకారం మారడం మొదలైన బరువులు ఇలా వచ్చాయి: ఐఫోన్ 6, హెచ్‌టీసీ వన్ ఎం8 రెండూ సుమారు 32 కిలోల దగ్గర, ఐఫోన్ 6 ప్లస్ సుమారు 41 కిలోల దగ్గర, ఐఫోన్ 5, ఎల్‌జీ జీ3 సుమారు 59 కిలోల దగ్గర, సామ్‌సంగ్ గెలాక్సీ నోట్ 3 సుమారు 68 కిలోల దగ్గర. అంటే వీడియోలో అందరూ తిట్టిన 6 ప్లస్ కన్నా చిన్న ఐఫోన్ 6 ముందే వంగింది. ప్లాస్టిక్ ఒంటి నోట్ 3 అన్నిటికన్నా ఎక్కువ తట్టుకుంది. మెటల్ బాడీ అయితే గట్టిది, ప్లాస్టిక్ అయితే నాసి అనే మన లెక్క ఇక్కడ తప్పింది.

కథ అక్కడితో ఆగలేదు. అమెరికా కోర్టులో నడిచిన ఒక కేసులో ఆపిల్ లోపలి కాగితాలు 2018లో బయటకు వచ్చాయి. విడుదలకు ముందు కంపెనీ సొంత పరీక్షల్లోనే, పాత ఐఫోన్ 5ఎస్‌తో పోలిస్తే ఐఫోన్ 6కు వంగే అవకాశం 3.3 రెట్లు, 6 ప్లస్‌కు 7.2 రెట్లు ఎక్కువని తేలినట్టు వాటిలో ఉంది. 2015లో వచ్చిన 6ఎస్ మోడల్‌కు ఆపిల్ మరింత గట్టి 7000 సిరీస్ అల్యూమినియం వాడింది.

బెండ్ టెస్ట్ అంటే ఏంటి?

పిల్ల కాలువ మీద అడ్డంగా ఒక పలక వేసి, దాని మధ్యలో మనిషి నిలబడితే ఎలా ఉంటుందో బెండ్ టెస్ట్ అలాగే ఉంటుంది. ఫోన్ రెండు చివర్లను రెండు ఆధారాల మీద పెడతారు. మధ్యలో పైనుంచి యంత్రం మెల్లగా నొక్కుతుంది. ఎన్ని కిలోల దగ్గర ఎంత వంగింది, బరువు తీశాక మళ్లీ తిన్నగా అయిందా లేదా అని రాసుకుంటారు. ఆధారాలు రెండు, నొక్కే చోటు ఒకటి కాబట్టి దీన్ని మూడు బిందువుల పరీక్ష అంటారు.

ఇందులో అసలు విషయం మందం. స్కూల్ పిల్లల ప్లాస్టిక్ స్కేలు తీసుకొని వెడల్పు వైపు వంచితే సులువుగా వంగుతుంది. అదే స్కేలును అంచు వైపు వంచాలంటే కుదరదు. వస్తువు అదే, నొక్కే దిక్కులో మందం మారింది, అంతే. పలక లాంటి వస్తువు గట్టితనం మందానికి ఘనం చొప్పున మారుతుంది. 8 మిల్లీమీటర్ల పలకను 7 మిల్లీమీటర్లకు తగ్గిస్తే తగ్గింది ఒక్క మిల్లీమీటరే అనిపిస్తుంది. కానీ వంగకుండా నిలిచే శక్తి సుమారు మూడో వంతు పోతుంది. 'సన్నని ఫోన్' అని ప్రకటనలో మురిపించే మాటకు మనం కట్టే ధర ఇదే.

రెండోది పొడవు. స్క్రీన్ పెద్దదయ్యే కొద్దీ ఫోన్ పొడవు పెరుగుతుంది. పొడవు పెరిగితే అదే బరువు ఎక్కువ వంచుతుంది. మూడోది రంధ్రాలు. వాల్యూమ్ బటన్లు, సిమ్ ట్రే, చార్జింగ్ పాయింట్, కెమెరా కోసం ఫ్రేమ్‌ను ఎక్కడ కోశారో అక్కడ అది బలహీనం. ఐఫోన్ 6 ఎక్కువగా వంగింది వాల్యూమ్ బటన్ల దగ్గరే. 2022లో 'జెర్రీరిగ్‌ఎవ్రీథింగ్' యూట్యూబ్ చానల్ చేసిన పరీక్షలో వన్‌ప్లస్ 10 ప్రో కెమెరా భాగం కింద రెండుగా విరిగింది.

కంటికి కనిపించని వంపు

యూట్యూబ్ వీడియోలో ఫోన్‌ను ఒక్కసారి, చేతుల బలమంతా పెట్టి వంచుతారు. ఫోన్ 'టప్' అంటే ఫెయిల్, లేకపోతే పాస్. కానీ మన జేబులో జరిగేది ఇది కాదు. అక్కడ ఫోన్ ఒక్కసారి గట్టిగా వంగదు, రోజూ కొంచెం కొంచెం వంగుతుంది.

ఇల్లు కట్టే పనిలో ఉన్నవాళ్లకు బైండింగ్ వైరు తెలుసు. దాన్ని కత్తిరించే కట్టర్ చేతిలో లేకపోతే ఏం చేస్తారు? ఒకే చోట ముందుకు, వెనక్కు నాలుగైదుసార్లు వంచితే అదే తెగిపోతుంది. ఒక్కసారి వంచితే తెగని వైరు, మళ్లీ మళ్లీ వంచితే తెగుతుంది. లోహం అలసిపోతుందన్నమాట. ఫోన్ లోపల బోర్డు మీద చిన్న చిన్న చిప్‌లను పట్టి ఉంచే సోల్డరింగ్ అతుకులకు కూడా ఇదే జరుగుతుంది. పైన ఫ్రేమ్ తిన్నగానే కనిపిస్తుంది, లోపల అతుకు చిట్లుతుంది.

దీనికి పెద్ద ఉదాహరణ కూడా ఐఫోన్ 6 ప్లస్సే. అమ్మకాలు మొదలై రెండేళ్లు గడిచాక, 2016లో చాలా ఫోన్లలో స్క్రీన్ పైభాగంలో బూడిద రంగు పట్టీ మెరవడం, టచ్ పనిచేయకపోవడం మొదలైంది. రిపేర్ చేసేవాళ్లు విప్పి చూస్తే టచ్‌ను నడిపే చిప్‌ల అతుకులు వదులయ్యాయని తేలింది. ఫోన్ ఒళ్లు వంగుతూ ఉండడమే దీనికి కారణమని వాళ్లు చెప్పారు. దానికి 'టచ్ డిసీజ్' అని పేరు పెట్టారు. గట్టి నేల మీద చాలాసార్లు పడిన ఫోన్లకే ఇలా అవుతుందని చెప్పిన ఆపిల్, ఆ ఏడాది నవంబర్‌లో 149 డాలర్లకు రిపేర్ చేసే పథకం ప్రకటించింది.

"జేబులనే ఉండె" అనే మాటలో అబద్ధం లేదు. అది జేబులోనే ఉంది. కానీ జీన్స్ వెనక జేబులో పెట్టుకొని బైక్ మీద కొత్తకోట నుంచి వనపర్తి వెళ్లి వచ్చినా, బస్సులో హైదరాబాద్ దాకా కూర్చున్నా ప్రతి గుంత దగ్గర, ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గర ఒక చిన్న బెండ్ టెస్ట్ జరుగుతూనే ఉంటుంది. ల్యాబ్‌లో లెక్క రాసుకునేవాళ్లు ఉంటారు. జేబులో ఉండరు.

ఇక ఉమ్రాకు, హజ్‌కు వెళ్లేవారి సంగతి. ఇహ్రామ్‌కు జేబు ఉండదు కాబట్టి ఫోన్‌ను నడుం బెల్టు సంచిలో పెట్టుకుంటారు. ముందు వైపు పొట్ట కింద బిగించిన సంచిలో ఫోన్ పెట్టుకొని కూర్చున్న ప్రతిసారీ, సజ్దాకు వంగిన ప్రతిసారీ దాని మీద ఒత్తిడి పడుతుంది. సంచిని పక్కకు జరిపి ఫోన్‌ను నిలువుగా కాకుండా అడ్డంగా పెడితే ఆ ఒత్తిడి చాలా తగ్గుతుంది.

గీతలు పడేది నాణేల వల్ల కాదు

జేబులో తాళం చెవి, చిల్లర ఉంటే స్క్రీన్‌కు గీతలు పడతాయని చాలామంది భయపడతారు. నిజానికి అసలు శత్రువు మన మట్టి.

ఏ వస్తువు దేన్ని గీయగలదో చెప్పడానికి జర్మనీ ఖనిజ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ మోస్ 1812లో ఒక కొలమానం తయారు చేశాడు. అందులో 1 నుంచి 10 వరకు అంకెలు ఉంటాయి. అన్నిటికన్నా మెత్తని టాల్క్ రాయి 1, వజ్రం 10. మామూలు కత్తి ఉక్కు దాదాపు 5.5 దగ్గర ఉంటుంది. నాణేలు ఇంకా మెత్తన. ఫోన్ గాజుకు 6 దగ్గర గీతలు మొదలై, 7 దగ్గర లోతుగా పడతాయి. ఇసుకలో ఉండే క్వార్ట్జ్ రాయి అంకె సరిగ్గా 7.

పాలమూరు అంతా గ్రానైట్ రాళ్ల నేల. గ్రానైట్‌లో క్వార్ట్జ్ ఉంటుంది. ఆ రాయి అరిగి మట్టయినా క్వార్ట్జ్ రేణువులు అలాగే మిగులుతాయి. ఎర్ర చెల్క భూమిలో పనిచేసి వచ్చిన కుర్తా జేబు అడుగున వేలు పెట్టి చూస్తే గరుకుగా తగిలే నుసి అదే. ఫోన్ ఆ జేబులోకి వెళ్లి వచ్చిన ప్రతిసారీ సన్నని గరుకు కాగితంతో రుద్దినట్టే. స్క్రీన్ మీద దుమ్ము ఉండగా చొక్కా అంచుతో గట్టిగా తుడిచినా అంతే. ముందు ఊది, తర్వాత తడి బట్టతో మెల్లగా తుడవాలి.

టెంపర్ గ్లాస్ అట్ట మీద '9హెచ్' అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. అది చూసి వజ్రానికి ఒక్క మెట్టు తక్కువ అనుకుంటే పొరపాటు. ఆ 9హెచ్ పెన్సిళ్లతో గీసి చూసే వేరే పరీక్షలోని అంకె. మోస్ కొలమానంలోని 9తో దానికి సంబంధం లేదు. '11డి', '21డి' లాంటివి అమ్ముకోవడానికి పెట్టిన పేర్లే తప్ప కొలతలు కావు. అయినా టెంపర్ గ్లాస్ వేయించుకోవడం మంచిదే. ఎందుకంటే గీతలు, దెబ్బలు ముందు అది తింటుంది. దాని ధర అసలు డిస్‌ప్లే ధరలో చిన్న వంతు.

ఫోన్ గాజుకు బలం ఎక్కడి నుంచి వస్తుందో కూడా తెలుసుకోవచ్చు. కార్నింగ్ కంపెనీ గొరిల్లా గ్లాస్ లాంటి వాటిని వేడిగా కరిగిన పొటాషియం ఉప్పులో ముంచుతారు. గాజు పైపొరలోని చిన్న సోడియం అయాన్లు బయటికి పోయి, వాటి స్థానంలో పెద్ద పొటాషియం అయాన్లు ఇరుక్కుంటాయి. దాంతో పైపొర బిగుసుకుంటుంది. ఆ బిగువు ఉన్నంతవరకు గాజు దెబ్బకు తట్టుకుంటుంది. లోతైన గీత పడి ఆ పొర తెగిందంటే, తర్వాత పడే చిన్న దెబ్బకే పగులుతుంది. "నిన్న అంతెత్తు నుంచి పడితే ఏం కాలే, ఇవాళ మంచం మీంచి పడితే పగిలింది" అనడానికి చాలాసార్లు కారణం ఇదే.

మన దగ్గరా తయారవుతున్నాయి

ఫోన్ల తయారీ, పరీక్షలు ఎక్కడో చైనాలో జరిగే పని అని ఇప్పుడు అనలేం. 2015 ఆగస్టులో షావోమీ కంపెనీ తన మొదటి మేడ్ ఇన్ ఇండియా ఫోన్ రెడ్‌మీ 2 ప్రైమ్‌ను విశాఖపట్నంలో విడుదల చేసింది. అది ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ ఫ్యాక్టరీలో తయారైంది. వన్‌ప్లస్ 2019లో హైదరాబాద్‌లో పరిశోధన కేంద్రం తెరిచింది. ఫోన్ గాజు ఫ్యాక్టరీని తెలంగాణలో పెట్టే ప్రణాళికను 2023లో ప్రకటించిన కార్నింగ్, తర్వాత తమిళనాడు వైపు వెళ్లింది. కామర్స్, డిప్లొమా, ఐటీఐ చదివే మన పిల్లలకు ఈ రంగంలో క్వాలిటీ టెస్టింగ్ కూడా ఒక ఉద్యోగమే అని గుర్తు పెట్టుకోవాలి.

'మిలిటరీ గ్రేడ్' అంటే ఎంత?

ఈ మధ్య పది, పదిహేను వేల ఫోన్ల అట్టపెట్టెల మీద కూడా 'మిలిటరీ గ్రేడ్' అని కనిపిస్తోంది. ఇది అమెరికా సైన్యం వాడే 'మిల్-ఎస్‌టీడీ-810' అనే పరీక్షల పుస్తకం నుంచి వచ్చిన మాట. అందులోని పడేసే పరీక్షలో వస్తువును 1.22 మీటర్ల ఎత్తు నుంచి 26 సార్లు పడేస్తారు. కానీ ఆ 26 దెబ్బలను ఐదు నమూనాల వరకు పంచుకోవచ్చు. అంటే ఒక్కో ఫోన్‌కు ఐదారు దెబ్బలే. పైగా ఆ పుస్తకంలో ఎన్నో పరీక్షలున్నాయి. వాటిలో కంపెనీ ఏవి చేసిందో చూడాలి. సైన్యం వచ్చి సర్టిఫికెట్ ఇచ్చేదేమీ లేదు.

దీనికన్నా పనికొచ్చే పద్ధతి యూరప్‌లో వచ్చింది. 2025 జూన్ 20 నుంచి అక్కడ అమ్మే ప్రతి స్మార్ట్‌ఫోన్‌కు ఒక లేబుల్ ఉండాలి. పడితే ఎంత తట్టుకుంటుంది, బ్యాటరీ ఎన్నిసార్లు చార్జింగ్‌కు నిలుస్తుంది, రిపేర్ చేయడం ఎంత సులువు, దుమ్ము-నీటి రక్షణ ఎంత అన్నవి దాని మీద అక్షరాల్లో, అంకెల్లో ఉంటాయి. మామూలు ఫోన్లు ఒక మీటరు ఎత్తు నుంచి కనీసం 45 సార్లు పడినా పనిచేయాలి. 800 సార్లు చార్జ్ చేశాక కూడా బ్యాటరీ మొదటి సామర్థ్యంలో 80 శాతం నిలుపుకోవాలి.

మన దేశంలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబర్‌లో 'రైట్ టు రిపేర్' పోర్టల్ తెచ్చింది. రిపేర్ ఎంత సులువో చెప్పే సూచిక ఎలా ఉండాలన్న దానిపై వేసిన కమిటీ 2025లో నివేదిక ఇచ్చింది. అలాంటి లేబుల్ మన దుకాణాల్లోకి వచ్చేదాకా కొనేవాళ్లే అడిగి తెలుసుకోవాలి.

నీళ్లు, ఎండ, బైక్

వజూ చేసేటప్పుడు పై జేబులోని ఫోన్ నీళ్లలో పడడం, రుకూలో జారి ముందు సఫ్‌లోకి పోవడం ప్రతి మస్జిద్‌లో చూసేదే. 'ఐపీ67' అంటే మంచినీళ్లలో మీటరు లోతున అరగంట ఉన్నా లోపలికి నీరు పోదని అర్థం. 'ఐపీ68'లో లోతు ఇంకా ఎక్కువ, ఎంతన్నది కంపెనీ చెప్పాలి. 'ఐపీ54' అయితే తుంపర్లకు మాత్రమే. ఈ పరీక్ష కొత్త ఫోన్‌కు, మామూలు నీళ్లలో చేస్తారు. సబ్బు నీళ్లకు, పాత ఫోన్‌కు అది వర్తించదు. ముఖ్యంగా ఒకసారి వంగిన ఫోన్‌కు, ఒకసారి విప్పి అతికించిన ఫోన్‌కు ఆ రక్షణ ఉంటుందని నమ్మకూడదు. చుట్టూ ఉన్న జిగురు పొర ఒక్కచోట విడినా చాలు. ఇంకో సంగతి: ఐపీ68 ఫోన్ అయినా నీళ్లు పోయి ఖరాబైతే చాలా కంపెనీల వారంటీ వర్తించదు.

తడిస్తే వెంటనే ఆఫ్ చేయాలి, చార్జింగ్ పెట్టకూడదు, గాలి తగిలే చోట ఆరనివ్వాలి. బియ్యంలో పెట్టే అలవాటు మానేయాలి. బియ్యం నుసి లోపలికి పోయి నష్టం చేస్తుందని ఆపిల్ కూడా 2024లో హెచ్చరించింది.

ఎండ సంగతి మన జిల్లాలకు ఇంకా ముఖ్యం. ఐఫోన్‌ను 35 డిగ్రీల వరకు ఉన్న వాతావరణంలో వాడాలని ఆపిల్ చెబుతుంది. వైశాఖంలో మన దగ్గర 40 దాటుతుంది. ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డు మీద, బైక్ ట్యాంకు మీద ఇంకా ఎక్కువ. వేడికి బ్యాటరీ త్వరగా ముసలిదవుతుంది, ఉబ్బుతుంది, జిగురు మెత్తబడుతుంది. ఇక బైక్ హ్యాండిల్‌కు ఫోన్ స్టాండ్ బిగించుకునేవాళ్లు ఒకటి తెలుసుకోవాలి. మోటార్ సైకిల్ ఇంజిన్ అదురుకు కెమెరా దెబ్బతినవచ్చని ఆపిల్ 2021 సెప్టెంబర్‌లో చెప్పింది. ఫొటో స్థిరంగా రావడానికి లోపల పెట్టిన సున్నితమైన భాగాలు ఆ అదురుకు పాడవుతాయి.

మడత ఫోన్ల మోజు ఉన్నవారికి ఒక్క మాట. సామ్‌సంగ్ తన మొదటి గెలాక్సీ ఫోల్డ్ 2 లక్షల మడతలు తట్టుకుంటుందని 2019లో చెప్పింది. అదే ఏడాది సీనెట్ సంస్థ యంత్రంతో చేసిన పరీక్షలో అది సుమారు 1 లక్షా 20 వేల మడతలకు మొరాయించింది. ఆ తర్వాతి మోడళ్లు మెరుగయ్యాయి. కానీ దుమ్ము ఎక్కువగా ఉండే ఊరికి కీలు ఉన్న ఫోన్ అంత నప్పే వస్తువు కాదు.

పైసల లెక్క

ఉదాహరణకు ఒక ఫోన్ 15,000 రూపాయలు అనుకుందాం. రెండేళ్లు నడిస్తే రోజుకు సుమారు 20 రూపాయల 50 పైసలు పడుతుంది. నాలుగేళ్లు నడిస్తే రోజుకు 10 రూపాయల చిల్లర. మధ్యలో 4,000 పెట్టి డిస్‌ప్లే మార్పించి రెండేళ్లకే వదిలేస్తే రోజుకు 26 రూపాయలు. అదే 300 రూపాయల గట్టి పౌచ్, ఒక టెంపర్ గ్లాస్ వేసి నాలుగేళ్లు వాడితే పెరిగేది రోజుకు ముప్పై, నలభై పైసలే. ఇస్రాఫ్ వద్దని పెద్దలు చెప్పే మాటకు ఇంతకన్నా తేలికైన లెక్క ఉండదు.

వంగితే, పగిలితే 'ఫిజికల్ డ్యామేజ్' అని సర్వీస్ సెంటర్ వారంటీ ఇవ్వదు. గల్ఫ్ నుంచి తెచ్చిన ఫోన్లకైతే కొన్న దేశంలోనే వారంటీ ఉండవచ్చు. తెప్పించే ముందే ఆ సంగతి అడగాలి. అయితే పడకుండా, మామూలు వాడకంలోనే ఫోన్ వంగిందని, బోర్డు పోయిందని అనిపిస్తే ఊరుకోవాల్సిన పని లేదు. సర్వీస్ సెంటర్ నుంచి జాబ్ షీట్, ఎందుకు కాదన్నారో కాగితం మీద తీసుకోవాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. అప్పటికీ తేలకపోతే వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు కేసు వేయవచ్చు. 5 లక్షల వరకు విలువైన వస్తువులకు ఫీజు లేదు. 'ఈ-జాగృతి' పోర్టల్‌లో ఇంటి నుంచే వేయవచ్చు. బిల్లు మాత్రం తప్పక ఉండాలి. అందుకే "బిల్లు లేకుండా వంద తక్కువ" అంటే ఒప్పుకోకూడదు.

ఇంట్లోనే చేసుకునే పరీక్షలు

ఫోన్‌ను చేతులతో వంచి చూడడం పరీక్ష కాదు, పాడు చేయడమే. సెకండ్ హ్యాండ్ ఫోన్ కొనేటప్పుడైనా, మన ఫోన్ ఎలా ఉందో చూసుకోవాలన్నా ఇవి చాలు:

1. పౌచ్ తీసి, అద్దం లేదా టైల్ మీద స్క్రీన్ కిందికి ఉండేలా పెట్టాలి. నాలుగు మూలల మీద ఒక్కొక్కటిగా వేలితో తాకాలి. ఊగితే వంగినట్టే. స్క్రీన్ కింద సన్నని బట్ట వేస్తే గీతలు పడవు.

2. ఫోన్‌ను కంటి ఎత్తులో అడ్డంగా పట్టుకొని, వెలుతురు వైపు తిప్పి అంచు వెంట చూడాలి. వాల్యూమ్ బటన్ల దగ్గర, సిమ్ ట్రే దగ్గర వంపు తెలుస్తుంది.

3. స్క్రీన్‌కు, ఫ్రేమ్‌కు మధ్య సందు ఉందేమో గోరుతో చూడాలి. వెనక మూత ఉబ్బితే బ్యాటరీ ఉబ్బినట్టే. అలాంటి ఫోన్‌ను చార్జింగ్ పెట్టొద్దు, నొక్కొద్దు, వెంటనే దుకాణంలో చూపించాలి.

4. ఒక యాప్ బొమ్మను వేలితో పట్టుకొని స్క్రీన్ అంతా తిప్పాలి. ఎక్కడైనా వదిలేస్తే అక్కడ టచ్ పోయినట్టు.

5. కెమెరా తెరిచి దగ్గరి వస్తువు, దూరపు వస్తువు మార్చి మార్చి చూపాలి. బొమ్మ వణికినా, ఫోకస్ కాకపోయినా లోపల దెబ్బ ఉంది.

6. వంగిన ఫోన్‌ను మోకాలి మీద పెట్టి తిన్నగా చేయొద్దు. లోపల బ్యాటరీ చితికితే పొగ, మంట రావచ్చు.

ఇక అలవాట్ల విషయం. వెనక జేబు ఫోన్ కోసం కాదు. బైక్ ఎక్కే ముందు, బస్సు సీట్లో కూర్చునే ముందు ఫోన్‌ను ముందు జేబులోకో, సంచిలోకో మార్చాలి. కుర్తా పక్క జేబులో పెట్టుకుంటే కూర్చునేటప్పుడు తొడ కిందికి రాకుండా చూసుకోవాలి. నమాజ్‌కు ముందు ఫోన్ తీసి పక్కన పెట్టడం మంచిది. రింగు మోగదు, రుకూలో జారదు. జేబులను వారానికోసారి తిరగేసి దులపాలి. పిల్లలు బెండ్ టెస్ట్ వీడియోలు చూసి ఇంట్లో ఫోన్‌తో ప్రయత్నించకుండా అమ్మీ, అబ్బా ఒకమాట ముందే చెప్పి ఉంచాలి.

కొత్త ఫోన్ కొనడానికి దుకాణానికి వెళ్లినప్పుడు కెమెరా ఎన్ని మెగాపిక్సెల్, ర్యామ్ ఎంత అని అడుగుతాం. ఇకపై ఇంకో మూడు ప్రశ్నలు కూడా అడగాలి: మందం ఎంత, ఐపీ నంబర్ ఎంత, డిస్‌ప్లే మార్చాలంటే ఎంత అవుతుంది? మూడో దానికి జవాబు విన్నాకే పైసలు తీయాలి. కొన్న రోజు నుంచే ఆ ఫోన్‌ను వెనక జేబుకు దూరంగా ఉంచాలి.